ఆకుపచ్చ చుక్క

తెల్లబోర్డు మీద మూడు నిలువు వరుసలు గీసి, వాటి పైన ఏనుగు, పిచ్చుక, గుమస్తా అని రాసి ఉంది. ఆ ఆఫీసులో పనిచేసే పదకొండు మందికీ అవేమిటో తెలుసు. మూడూ లైబ్రరీలు. ఎక్కడో ఎవరో రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని వదిలిన కోడు. తెచ్చి మన ప్రోగ్రాముకి తగిలించుకుంటే ఆ మేరకు మనం రాసుకునే బాధ తప్పుతుంది. వాటికి అసలు పేర్లు ఉన్నాయి కానీ, నోరు తిరగక ఆఫీసువాళ్ళు ఈ పేర్లు పెట్టుకున్నారు.

మామూలుగా వెబ్ పేజీ అడిగితేనే సర్వర్ జవాబిస్తుంది. ఇచ్చి, ఫోను పెట్టేసినట్టు పెట్టేస్తుంది. ఈ మూడూ చేసే పని వేరు. పేజీకీ సర్వర్‌కీ మధ్య లైను తెరిచే ఉంచుతాయి. అవతలివాళ్ళు అడగకపోయినా సర్వర్ తనంతట తాను, ఆ క్షణానే కబురు పంపవచ్చు. వాళ్ళు తయారుచేస్తున్నది ఒక ఆసుపత్రి వార్డుకి. మంచం పక్కన మీట ఉంటుంది. రోగి దాన్ని నొక్కితే నర్సుల బల్ల మీద ఉన్న ట్యాబ్ తెరపై మంచం నెంబరు వెలగాలి. ఆ కబురు మోసుకెళ్ళేది ఈ మూడింటిలో ఏదన్నది ఆ రోజు తేలాలి.

సర్వర్ వైపు కోడు రాసేది జల్లెడ. అది ఆఫీసు పెట్టిన పేరు. ఎవరు రాసింది చేతిలో పడ్డా రాళ్ళు ఏరకుండా వదలదని పద్నాలుగేళ్ళ కిందట ఎవరో అన్నారు, అదే అతుక్కుపోయింది. ఆవిడ అక్క ఆ ఆసుపత్రిలోనే మూడో అంతస్తు వార్డుకి హెడ్ నర్సు. అక్క మొగుడు ఈ కంపెనీకి యజమాని. అక్క మాట మీదే ఆసుపత్రివాళ్ళు ఈ పని ఇచ్చారు. జల్లెడ ఇంట్లో బావని నువ్వు అంటుంది, ఆఫీసులో మీరు అంటుంది. బావకి ఆ తేడా పట్టదు. పదిమందిలోనూ "ఏం మరదలా" అనే పిలుస్తాడు. ఆ పిలుపు చెవిన పడినప్పుడల్లా ఆవిడకి మెడ మీద బల్లి పడ్డట్టుంటుంది.

బోర్డు మీద అడ్డ వరుసల్లో ఏం రాశారో ఆవిడ చదివింది. ఎంతమంది మెచ్చుకున్నారు. సైజు ఎంత. నేర్చుకోడానికి ఎన్ని రోజులు. పంపిన కబురు చేరకపోతే ఏం చేస్తుంది అన్న వరుస లేదు. ఆవిడ లేచి ఆ వరుస గీసింది. మూత పెట్టకుండా వదిలేసిన మార్కరు సగం అక్షరాలు పలికి, సగం మింగింది.

ఏనుగు సంగతి తొందరగానే తేలింది. అది చెయ్యని పని లేదు. కాకపోతే దాన్ని తగిలిస్తే వార్డులోని ట్యాబ్‌లలో పేజీ తెరుచుకోడానికి పదకొండు సెకన్లు పట్టింది. మిగిలినవి రెండు. పిచ్చుక కబురు పట్టుకుని ఎగురుతుంది, అంతే. చేరిందా, దారిలో రాలిందా అని వెనక్కి తిరిగి చూడదు. గుమస్తా అలా కాదు. ప్రతి కబురుకీ నెంబరు వేస్తుంది. అందినట్టు అవతలి నుంచి రసీదు రావాలంటుంది. ఐదు సెకన్లలో రాకపోతే మళ్ళీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే సర్వర్‌కి చెబుతుంది, వార్డులో గంట మోగించవచ్చు. దాన్ని చూసుకునేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఇద్దరు. ఎలా వాడాలో వాళ్ళు రాసిపెట్టిన పుస్తకం కోర్టు కాగితంలా ఉంటుంది. నేర్చుకోడానికి మూడు వారాలు పడుతుందని జల్లెడ లెక్కవేసింది.

ఆసుపత్రివాళ్ళకి చూపించే డెమోకి తొమ్మిది రోజులుంది.

తెరలు గీసే మనిషిని ఆఫీసులో రంగులయ్య అంటారు. యాభై దాటినవాడు, రంగుల గురించి తప్ప దేనికీ గొంతు పెంచడు. ఆ రోజు పెంచాడు. పిచ్చుకని నలభై వేల మంది మెచ్చుకున్నారని, గుమస్తాకి ఆరువందల మంది కూడా లేరని చెప్పి, "నలభై వేల మంది వెర్రివాళ్ళంటారా?" అని అడిగాడు.

"నచ్చిందని నొక్కారు. వార్డులో పెట్టి చూశామని చెప్పారా?" అంది జల్లెడ.

బావ టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు. సగం విరిగి కప్పులో పడింది. దాన్ని చూపుడువేలితో వెలికితీసి, తిని, వేలు నాకాడు. "గుమస్తాని పెట్టుకుంటే ఫైళ్ళు కదుల్తాయి గానీ డెమో కదలదు, మరదలా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అదే వేలితో మార్కరు అందుకుని పిచ్చుక చుట్టూ సున్నా చుట్టాడు. జల్లెడ ఆ మార్కరుని మళ్ళీ ముట్టుకోలేదు. సమావేశం ముప్పై ఐదు నిమిషాల్లో ముగిసింది.

ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉంది. లైనుకి సంబంధించినది ఏది రాసినా నెట్‌వర్క్ తీగ పీకి చూస్తారు. తీగ పరీక్ష అంటారు దాన్ని. కొనేవాళ్ళ ముందు ఆ పని బావే చేస్తాడు, చొక్కా చేతులు మడిచి, గారడీవాడిలా. పేజీలో కుడివైపు పైన ఒక చుక్క ఉంటుంది. లైను ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఆ చుక్క పెట్టాలన్న ఆలోచన జల్లెడదే. ఆవిడ మినపగింజంత పెడితే రంగులయ్య దాన్ని రేగుపండంత చేశాడు. బావ తీగ పీకగానే చుక్క ఎర్రబడేది, గుచ్చగానే పచ్చబడేది. మూడు లైబ్రరీలూ ఆ పరీక్ష నెగ్గాయి.

కానీ వార్డులో తీగలు పీకేవాళ్ళెవరు? వార్డులో రిపోర్టులు చూసుకునే పాత పేజీ ఒకటి మధ్యాహ్నం భోజనాల తర్వాత నిద్రపోతుందని, తట్టి లేపితే గానీ లేవదని అక్క ఎప్పుడో అంది. జల్లెడ ఆ మాట మనసులో పెట్టుకుని ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే ఆయన్ని అడిగింది. వార్డుకీ సర్వర్ గదికీ మధ్య ఒక పెట్టె ఉందని ఆయన చెప్పాడు. ఐదు నిమిషాలు మాటా పలుకూ లేని లైనుని అది తెంచేస్తుంది. తెంచినట్టు ఇటు చెప్పదు, అటు చెప్పదు. రెండువైపులా లైను ఉందనే అనుకుంటూ కూర్చుంటాయి.

ఆవిడ ఆఫీసులో అలాంటి ఏర్పాటే చేసింది. పిచ్చుకని తగిలించి ఏడు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంది. తర్వాత మీట నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. చుక్క ఆకుపచ్చగానే ఉంది. సర్వర్ తన లాగ్‌లో, అంటే తాను చేసిన పనులు తానే రాసుకునే చిట్టాలో, "పంపాం" అని రాసుకుంది. గుమస్తాతో అదే చేసి చూసింది. ఐదో సెకనుకి కబురు అందలేదని గుమస్తా గోల పెట్టింది.

బావని పిలిచి చూపించింది. ఆయన నిలబడే చూశాడు. "ఐదు నిమిషాలు ఒక్కరూ మీట నొక్కకపోతేనే కదా ఇదంతా? మీ అక్క వార్డు ఎప్పుడైనా ఐదు నిమిషాలు నోరు మూసుకుందా? ఇంట్లో మీ అక్కే మూసుకోదు." రంగులయ్య పొట్ట పట్టుకున్నాడు. జల్లెడ కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది ఆవిడకి, నోట్లో ఎంగిలి మిగిలిపోయినట్టు.

చివరికి ఒక రాజీ కుదిరింది. పిచ్చుకే ఉంటుంది. అయితే ఇరవై ఐదు సెకన్లకోసారి సర్వర్ ఒక ఖాళీ కబురు పంపి, పేజీ నుంచి జవాబు తీసుకుంటూ ఉంటుంది, లైను మూగబోకుండా. జల్లెడ దానికి నాడి అని పేరు పెట్టి, ఒక పూటలో రాసింది, పరీక్షించింది. పనిచేసింది.

డెమోకి రెండు రోజుల ముందు రంగులయ్య ఆ ఇరవై ఐదుని ఆరువందలు చేశాడు. నాడి కొట్టుకుంటూ ఉంటే ట్యాబ్ బ్యాటరీ మధ్యాహ్నానికే అడుగంటుతోంది. డ్యూటీ మొత్తానికి సరిపోతుందని బావ ఆసుపత్రికి మాటిచ్చి ఉన్నాడు. ఆ ఆఫీసులో ఒకరు మార్చిన దానికి ఇంకొకరు అంగీకారం నొక్కితే గానీ అది లోపలికి పోదు. ఇది జల్లెడ దగ్గరికి వచ్చింది. పక్కన రంగులయ్య రాసిన వాక్యం ఉంది: డెమో వరకే, తర్వాత మార్చేద్దాం. ఆ వారంలో ఆవిడ అప్పటికే నాలుగుసార్లు పోట్లాడింది. ఐదోసారి లేవడానికి ఒంట్లో ఓపిక లేదు. ఆరువందల సెకన్లంటే పది నిమిషాలని, పది నిమిషాలంటే పెట్టెకి రెండింతల సమయమని ఆవిడకి తెలుసు. అంగీకారం నొక్కి, టీ తాగడానికి వెళ్ళింది.

డెమో అందరికీ నచ్చింది. తర్వాత ఆ అంకెని మార్చినవాళ్ళు లేరు.

పదకొండు వారాలకి పద్నాలుగో మంచం మనిషి పడిపోయాడు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, కడుపు ఆపరేషన్ అయి నాలుగో రోజు. మధ్యాహ్నం రెండు దాటింది, భోజనాలయ్యాయి, వార్డు సద్దుమణిగింది. ఆయన బాత్రూమ్‌కి పోవాలని మీట నొక్కాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కాడు. పావుగంట చూసి తానే లేచాడు. నాలుగడుగులు వేసి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పడ్డ చప్పుడుకి ముందుగా పరుగెత్తింది అక్కే. బల్ల దగ్గర ఉన్నది ఆవిడే.

పెద్దాయన కొడుకులు ఫిర్యాదు చేశారు. ఆసుపత్రి విచారణ వేసింది. లాగ్ ఇవ్వమని కంపెనీకి కబురు వచ్చింది. తీసిపెట్టమని బావ జల్లెడకి చెప్పాడు. ఆవిడ తీసింది. పనికొచ్చే లైన్లు నాలుగే ఉన్నాయి. రెండూ పదకొండు, పద్నాలుగో మంచం, పంపాం. రెండూ పద్నాలుగు, పంపాం. రెండూ పంతొమ్మిది, పంపాం. రెండూ ఇరవై రెండు, లైను చచ్చింది. పది నిమిషాలకోసారి కొట్టుకునే నాడికి జవాబు రాలేదని సర్వర్‌కి అప్పటికి గానీ తెలియలేదు. తెలిసి, లాగ్‌లో రాసుకుని ఊరుకుంది. అది చదవడానికి అక్కడ ఎవరూ కూర్చోరు.

మర్నాడు ప్రింటరు దగ్గర ఆసుపత్రికి పోవలసిన కాగితం కనిపించింది. దాని మీద మూడు లైన్లే ఉన్నాయి.

జల్లెడ ఆ కాగితం పట్టుకుని బావ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. "నాలుగో లైను ఏది?"

"అది వాళ్ళకి అర్థం కాదు. అర్థంకానిది ఇస్తే లేనిపోని అనుమానాలు."

"మూడే చూపిస్తే ఏమర్థమవుతుంది? మనం పంపాం, చుక్క పచ్చగా ఉంది, నర్సు చూసుకోలేదు. ఆ నర్సు అక్క."

"నాకు తెలీదా?" అన్నాడు బావ. ఆయన గొంతు పెంచలేదు. బల్ల మీద బిస్కెట్టు పొడిని చేత్తో ఒకచోటికి కూడబెడుతూ మాట్లాడాడు. హెడ్ నర్సు పని తీసి మామూలు నర్సుని చేస్తారని, ఏడాది తిరిగేలోగా అందరూ మర్చిపోతారని, కంపెనీ మీదికి వస్తే మాత్రం మర్చిపోరని, పదకొండు ఇళ్ళు రోడ్డున పడతాయని చెప్పాడు. తాను అక్కని పల్లెత్తు మాట అనలేదనీ చెప్పాడు. "నేనే చూసుకోలేదని తనే అంటోంది. కాదని నేనెందుకనాలి?"

"నువ్వు మనిషివేనా, బావా?"

ఆఫీసులో ఆయన్ని నువ్వు అనడం ఆవిడకి అదే మొదలు. ఆయన పొడిని అరచేతిలోకి తుడిచి నోట్లో వేసుకున్నాడు. "ఆరువందలకి అంగీకారం నొక్కిందెవరో కూడా ఆ కంప్యూటర్లోనే ఉంది, మరదలా. ఏరితే అన్ని రాళ్ళూ ఏరాలి మరి."

ఆవిడ బయటికి వచ్చి చేతులు కడుక్కోడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. సింకులో నాలుగు కప్పులున్నాయి, అడుగున టీ ఎండి బూజు పట్టి. వాటిలో ఒకటి తనది. నీళ్ళు వదిలి చాలాసేపు చేతులు కడిగింది. చేతులకి ఏమీ అంటలేదు. తెలిసీ కడిగింది.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. అక్క బాల్కనీలో ఆరిన యూనిఫాం తీసి మడతపెడుతోంది. పక్కన కుర్చీలో కొత్త కళ్ళజోడు పెట్టె ఉంది. కళ్ళు చూపించుకున్నానని, నెంబరు మారలేదని డాక్టరు చెప్పినా కొత్తవి చేయించుకున్నానని అక్క చెప్పింది.

"మందుల పట్టీ రాస్తున్నానే. తలెత్తి చూశాను. పచ్చగానే ఉంది. మళ్ళీ రాసుకున్నాను, మళ్ళీ చూశాను." మడత సరిగ్గా రాక మళ్ళీ విప్పింది. "కునుకు పట్టిందేమో."

"నీకు పగలు కునుకు పట్టడం ఎప్పుడైనా ఉందా?"

"ఏమో మరి. మూడుసార్లు పంపిందట కదా. మూడుసార్లు వెలిగినా కనిపించనిదాన్ని ఏమంటారే? ఇరవై రెండేళ్ళు ఎలా చేశానో ఈ ఉద్యోగం." బావ రోజూ ధైర్యం చెబుతున్నాడని, పోతే పోయిందిలే హెడ్ నర్సు పని అంటున్నాడని కూడా చెప్పింది. ఆయన మంచితనానికి అక్క కళ్ళు తుడుచుకుంది.

జల్లెడ చెప్పబోయింది. పెట్టె గురించి చెబితే నాడి గురించి చెప్పాలి. నాడి గురించి చెబితే ఆరువందలు. ఆరువందలు చెబితే అంగీకారం. మంచినీళ్ళు అడిగి తాగింది. యూనిఫాం ఇంకో కొస తాను పట్టుకుని మడతపెట్టించింది. మెట్లు దిగుతూ ఉంటే బావ మీద ఉన్న రోత ఆయన మీదే నిలవడం లేదు. తన ఒంటి మీదికీ పాకుతోంది.

విచారణ ఆసుపత్రి మొదటి అంతస్తులో. బల్లకి అటువైపు సూపరింటెండెంట్, ఒక డాక్టరు, రాసుకోడానికి ఒక మనిషి. ఇటువైపు బావ, జల్లెడ. అక్క గోడ పక్కన కుర్చీలో, కొత్త కళ్ళజోడుతో. మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

బావ మూడు లైన్ల కాగితం ఇచ్చాడు. ట్యాబ్ బల్ల మీద పెట్టాడు, ఒక మీట పక్కన పెట్టాడు. మీట నొక్కితే నెంబరు వెలిగింది. తర్వాత చేతులు మడిచి, గోడ నుంచి తీగ పీకాడు. చుక్క ఎర్రబడింది. గుచ్చాడు, పచ్చబడింది. "చూశారు కదండీ. లైను పోతే ఎర్రబడుతుంది. ఆ రోజు పచ్చగానే ఉందని సిస్టర్ గారే రాసిచ్చారు."

పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని ఆయన సిస్టర్ గారు అన్నాడు. రాసుకునే మనిషి కలం కూడా ఒక్క క్షణం ఆగింది. అక్క తలదించుకుని తన చేతులు చూసుకుంటోంది. జల్లెడ కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి నిలబడింది.

"ఇంకో పరీక్ష ఉంది మేడమ్. ఏడు నిమిషాలు పడుతుంది. ఆ ఏడు నిమిషాలూ ఎవరూ మీట నొక్కకూడదు, తీగ ముట్టుకోకూడదు."

బావ నవ్వాడు. అవసరం లేదండీ, అన్నాడు. సూపరింటెండెంట్ గోడ గడియారం చూసి, చెయ్యమంది.

ఏడు నిమిషాలు ఒక గదిలో ఆరుగురు ఊరికే కూర్చోవడం తేలిక కాదు. డాక్టరు ఫోను చూసుకున్నాడు. రాసుకునే మనిషి గోళ్ళు చూసుకున్నాడు. కారిడార్‌లో బండి చక్రాల చప్పుడు వచ్చి పోయింది. మూడో నిమిషంలో బావ కాలు ఊపడం మొదలుపెట్టాడు. ఐదో నిమిషంలో ఆయన చెయ్యి మీట వైపు జరిగింది. జల్లెడ ఆ చెయ్యినే చూస్తూ ఉంది. చెయ్యి వెనక్కి పోయింది. తెర మీద చుక్క పచ్చగా ఉంది.

"ఇప్పుడు మీరే నొక్కండి మేడమ్."

సూపరింటెండెంట్ నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. డాక్టరు ఫోను పక్కన పెట్టి ముందుకి వంగాడు. మూడోసారి కూడా నొక్కమంది జల్లెడ. చుక్క పచ్చగానే ఉంది. ఆవిడ తన కంప్యూటర్‌ని వాళ్ళవైపు తిప్పింది. లాగ్‌లో పంపాం, పంపాం, పంపాం అని మూడు లైన్లున్నాయి.

అప్పుడు సంచిలోంచి నాలుగు లైన్ల కాగితం తీసి మూడు లైన్లదాని పక్కన పెట్టింది. మధ్యలో ఉండే పెట్టె గురించి చెప్పింది. ఈ గది తీగలూ ఆ పెట్టె గుండానే పోతున్నాయని చెప్పింది. మూడు లైబ్రరీల్లో దేన్ని ఎందుకు ఎంచుకున్నారో, రసీదు అడిగేదాన్ని ఎందుకు వదిలేశారో చెప్పింది. ఇరవై ఐదు ఆరువందలు ఎలా అయిందో చెప్పింది. "మార్చింది వేరేవాళ్ళు. అంగీకరించింది నేను. చూసే అంగీకరించాను."

బావ ఏదో అనబోయాడు. సూపరింటెండెంట్ చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగో లైను తమకి ఎందుకు ఇవ్వలేదని అడిగింది. పేజీ అక్కడికి అయిపోయిందండీ, అన్నాడు ఆయన. కాగితంలో మూడువంతులు ఖాళీగా ఉంది. ఆవిడ దాన్ని ఎత్తి చూసి, రెండు వేళ్ళతో పట్టుకుని రాసుకునే మనిషికి ఇచ్చింది.

అక్క లేచింది. కొత్త కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టింది. చెల్లెలి ముందుకి వచ్చి నిలబడింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజు ఇంటికొచ్చావే. బట్టలు మడతపెట్టావే. అప్పుడు కూడా?"

"తెలుసక్కా."

అక్క మొగుడి వైపు తలే తిప్పలేదు. రెండు గంటల మందులు ఇవ్వాలని సూపరింటెండెంట్‌తో చెప్పి, ఆవిడ తల ఊపాక, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

అక్క మీద చర్య ఉండదని అక్కడే తేలిపోయింది. మర్నాటి నుంచి వార్డులో పాత కరెంటు గంటలే పెడతారని, ట్యాబ్‌లు కంపెనీ పట్టుకుపోవాలని రాసుకునే మనిషి రాసుకున్నాడు. బావ లిఫ్టు దగ్గర ఆగి, "ఇప్పుడు తృప్తిగా ఉందా, మరదలా?" అన్నాడు. లిఫ్టులో ఆయన పక్కన నిలబడబుద్ధి కాక ఆవిడ మెట్లెక్కింది.

మూడో అంతస్తులో పద్నాలుగో మంచం దగ్గరికి వెళ్ళింది. తుంటికి ఆపరేషన్ అయ్యాక పెద్దాయన్ని మళ్ళీ ఆ మంచానికే తెచ్చారు. తానెవరో చెప్పింది. జరిగిందంతా చెప్పింది, బల్ల దగ్గర చెప్పినంతా. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"రెండూ పదకొండుకి నొక్కాను. తర్వాత మూడు నిమిషాలకి. తర్వాత ఐదు నిమిషాలకి," అన్నాడు. "నాలుగోసారి నొక్కితే విసుక్కుంటారేమోనని ఊరుకున్నాను."

"ఆవిడకి ఒక్కటీ చేరలేదండీ."

"అంటే విని కూడా రాలేదని కాదన్నమాట."

"కాదండీ."

"విని కూడా రాలేదనే నేను అందరికీ చెప్పానమ్మా. మా వాళ్ళు ఫిర్యాదు రాసింది నా మాట విని." కళ్ళు తెరిచాడు. "ఆవిణ్ణి ఒకసారి పిలుస్తారా?" అంటూనే అలవాటుగా పక్కనున్న మీట మీదికి చెయ్యి పోనిచ్చాడు.

జల్లెడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నేను వెళ్ళి పిలుస్తానని చెప్పింది.

మంచం నుంచి నర్సుల బల్ల దాకా ముప్పై అడుగులు. అక్క మందుల పట్టీ రాస్తోంది. బల్ల మీది ట్యాబ్ ఇంకా వెలుగుతూనే ఉంది, కుడివైపు పైన చుక్కతో. జల్లెడ బల్లకి ఇటువైపు నిలబడింది.

"పద్నాలుగో మంచం," అంది.

అక్క తలెత్తి చెల్లెలి మొహం చూసింది. పరాయివాళ్ళని చూసినట్టే చూసింది. కలం మూత పెట్టి, లేచి, ఆవిడ పక్కనుంచే పద్నాలుగో మంచం వైపు వెళ్ళింది. జల్లెడ ట్యాబ్‌ని బల్ల మీద బోర్లించి, తీగ పీకకుండానే అక్కడ కూర్చుంది, అక్క వచ్చేదాకా ఎవరైనా పిలుస్తారేమోనని చెవి వార్డు వైపు పెట్టుకుని.